ఎంత దూరం నడవగలరు? దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో నడక పరీక్షల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాతీ జబ్బుల విభాగం వరండాలో రోగుల్ని నడిపించి, దూరం కొలిచి, కాగితం మీద రాయడం ఫిజియోథెరపిస్టుగా నా రోజువారీ పని. అక్కడ బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. తీరిగ్గా జవాబు చెప్పే వీలు అక్కడ దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఊదే పరీక్ష చేయించుకున్నాం కదా, మళ్ళీ నడిపించడం ఎందుకు?

ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, మీ గొట్టాల్లోంచి గాలి ఎంత వేగంగా, ఎంత మేరకు బయటికి వస్తోందో చెబుతుంది. జబ్బు ఏమిటో తేల్చడానికి అది తప్పనిసరి. కానీ మీరు బాత్రూం దాకా వెళ్ళి రాగలరా, సంతకు వెళ్ళి సంచి మోసుకుని రాగలరా అన్నది అది చెప్పలేదు. ఊదే పరీక్షలో ఒకే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకాయన పొలం గట్ల మీద తిరుగుతుంటాడు, ఇంకొకాయన మంచం దిగడు. ఇలాంటి జంటల్ని నేను చాలాసార్లు చూశాను.

తేడా ఎక్కడుందంటే, నడకకు ఊపిరితిత్తులు ఒక్కటే చాలవు. గుండె, రక్తం, కాళ్ళ కండరాలు కలిసి రావాలి. సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు, ఉన్నవాళ్ళలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్టీసీ బస్సు ఆగిందనుకోండి. లోపలివాళ్ళు ఇంకా దిగకముందే కిందివాళ్ళు ఎక్కేస్తే ఏమవుతుంది? రెండు స్టాపులు దాటేసరికి బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఇరుకైన గొట్టాల్లో గాలి పరిస్థితీ అంతే. కూర్చున్నప్పుడు శ్వాసకు శ్వాసకు మధ్య వ్యవధి ఉంటుంది కాబట్టి లోపలి గాలి నిదానంగానైనా బయటికి పోతుంది. నడిచేటప్పుడు శ్వాస వేగం పెరుగుతుంది, పాతది పోకముందే కొత్తది వచ్చి చేరుతుంది. ఛాతీ గాలితో బిగుసుకుపోయి, ఇంకో గుక్క పీల్చడానికి చోటు మిగలదు. "లోపలికి వెళ్ళట్లేదమ్మా" అని రోగులు అనేది దీన్నే. కదిలితే తప్ప ఈ సంగతి బయటపడదు, కుర్చీలో కూర్చోబెట్టి చేసే పరీక్షలకు అంతుపట్టదు.

కాళ్ళ సంగతీ అంతే ముఖ్యం. ఆయాసం వస్తుందని నడక తగ్గిస్తారు, నడక తగ్గితే తొడ కండరం కరుగుతుంది, కరిగిన కండరం కొద్ది పనికే అలిసిపోతుంది, దాంతో ఇంకా ఆయాసం. ఈ చక్రంలో మనిషి ఎక్కడున్నాడో నడక పరీక్షే చూపిస్తుంది.

మా నాన్నకి ఆయాసమే రాదు. ఆయనకీ అవసరమా?

నన్నడిగితే ఇలాంటివాళ్ళకే ముందు చేయాలి.

ఒక పెద్దాయన వచ్చారు. "నాకే బాధా లేదండీ" అన్నారు. కూతురూ అదే మాట. రోజంతా ఏం చేస్తారని అడిగితే ఒక్కొక్కటీ బయటపడింది. పేపరు కుర్రాడు గేటు దగ్గర వేసి పోతే కోడలు తెచ్చిస్తుంది. మేడ మీద గది ఖాళీ చేసి కిందికి మారి రెండేళ్ళయింది. గుడికి వెళ్ళడం మానేశారు, "మోకాళ్ళ నొప్పులు" అన్నారు. స్నానానికి స్టూలు వేసుకుంటున్నారు. నడిపిస్తే మూడో నిమిషంలో గోడ పట్టుకుని నిలబడిపోయారు, ఆక్సిజన్ 84 శాతానికి దిగింది. ఆయాసం రాకుండా ఉండేలా ఆయన తన బతుకునే చిన్నది చేసుకుంటూ వచ్చారు. చుట్టూ ఉన్న మనం దాన్ని వయసు అనుకున్నాం.

అందుకే "ఆయాసం వస్తోందా?" అని అడిగి ఊరుకోకండి. పోయినేడు దసరాకి చేసిన పనుల్లో ఈ దసరాకి ఏవి మానేశారో అడగండి.

ఏ జబ్బులున్నవాళ్ళకి చేస్తారు?

సీఓపీడీ, ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ జబ్బులు, గాలి గొట్టాలు సాగి వెడల్పైపోయే బ్రాంకియెక్టాసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే జబ్బు, టీబీ తగ్గాక మిగిలిపోయిన దెబ్బ, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్. మనదేశంలో ఈ భారం తక్కువేమీ కాదు. 2016 లెక్కల ప్రకారం ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతమైతే, దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బుల భారంలో మన వాటా 32 శాతం. ఒక్క సిగరెట్టూ కాల్చకుండా, కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్ళు కూర్చున్న ఆడవాళ్ళు నా వరండాలో ఎంతోమంది నడిచారు.

ఆరు నిమిషాల నడక పరీక్షలో అసలు ఏం జరుగుతుంది?

చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. 30 మీటర్ల చదునైన వరండా, రెండు చివరలా రెండు కోన్లు, ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచ్, వేలికి పల్స్ ఆక్సీమీటర్. ముందు పదినిమిషాలు కుర్చీలో కూర్చోబెడతాం. బీపీ, నాడి, ఆక్సిజన్, ఆయాసం, కాళ్ళ అలసట రాసుకుంటాం. ముందుగా "వార్మప్" నడక ఉండదు. తర్వాత మీరు చేయాల్సింది ఒక్కటే: ఆరు నిమిషాల్లో వీలైనంత ఎక్కువ దూరం నడవడం. పరుగెత్తకూడదు. కావాలంటే నెమ్మదించవచ్చు, ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు. తేరుకోగానే మళ్ళీ నడవాలి. మీరు ఆగినా గడియారం ఆగదు.

చాలామందికి వింతగా అనిపించేది నా మౌనం. మీతో కబుర్లు చెప్పను, మీ పక్కన నడవను. పక్కన నడిస్తే మీకు తెలియకుండానే నా వేగానికి సర్దుకుంటారు. అప్పుడు కొలిచింది నా నడకవుతుంది. నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారండి, ఇంకా 5 నిమిషాలుంది", "ఇలాగే కానివ్వండి, ఇంకా 4 నిమిషాలుంది" లాంటి ముక్క మాత్రం అంటాను, అదీ మామూలు గొంతుతో. ఎందుకంటే ఉత్సాహపరిస్తే దూరం పెరుగుతుంది. ఒకరికి చప్పట్లు కొట్టి, ఇంకొకరిని పలకరించకుండా వదిలేస్తే ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడలేం. వెంట వచ్చినవాళ్ళకి నా మనవి కూడా ఇదే. "గబగబా నడు నాన్నా" అనొద్దు, "అమ్మా మెల్లగా" అనీ అనొద్దు. ఆ ఆరు నిమిషాలూ బెంచీ మీదే ఉండండి.

ఆరో నిమిషం పూర్తవగానే "ఆగండి" అంటాను. ఎక్కడ ఆగారో అక్కడ నేల మీద గుర్తుపెట్టి, కుర్చీ అక్కడికే తెస్తాను. మొత్తం దూరం, ఆక్సిజన్ దిగిన అతి తక్కువ అంకె, ఎన్నిసార్లు ఆగారు, ఆయాసం ఎంత, కాళ్ళు ఎంత అలిశాయి, ఇవన్నీ రాసుకుంటాం. కొందరిలో ఆక్సిజన్ నడిచేటప్పుడు కన్నా ఆగిన మొదటి నిమిషంలో ఇంకా కిందికి పోతుంది. అందుకే వేలి నుంచి మీటర్ వెంటనే తీయను.

ఆరు నిమిషాలే ఎందుకు?

మొదట ఇది పన్నెండు నిమిషాల పరుగు. 1968లో అమెరికన్ డాక్టర్ కెన్నెత్ కూపర్ తమ వైమానిక దళంలోని ఆరోగ్యవంతులైన యువకుల దమ్ము కొలవడానికి వాడారు. 1976లో మెక్‌గావిన్ బృందం బ్రిటన్‌లో దాన్ని పన్నెండు నిమిషాల నడకగా మార్చి బ్రాంకైటిస్ రోగులకు పెట్టింది. జబ్బున్న మనిషికి పన్నెండు నిమిషాలంటే చాలా ఎక్కువ. 1982లో బట్‌లాండ్ బృందం రెండు, ఆరు, పన్నెండు నిమిషాల నడకల్ని పోల్చి చూసింది. ఆరు నిమిషాలతో పని జరుగుతుందని తేలింది. 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ పద్ధతిని రాసిపెట్టింది, 2014లో యూరోపియన్, అమెరికన్ సంఘాలు కలిసి దాన్ని సరిదిద్దాయి. మేం పాటించేది ఆ నియమాలనే.

"ఆయాసం సున్నా నుంచి పది దాకా ఎంత?" అంటే ఏం చెప్పాలి?

అది స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలబద్ద. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇంతకు మించి ఉండదు అనిపించేంత. నడిచే ముందు ఒకసారి, నడిచాక ఒకసారి అడుగుతాం.

ఇక్కడ తెలుగులోనే ఒక చిక్కుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. "ఆయాసం" అనే మాటను మనం రెండింటికీ వాడతాం. ఊపిరి అందకపోయినా ఆయాసమే, ఒంట్లో ఓపిక అయిపోయినా ఆయాసమే. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు "దమ్మొస్తంది" అంటారు, అది ఊపిరి సంగతేనని స్పష్టంగా తెలుస్తుంది. "ఎగపోస్తోంది", "రొప్పుతున్నాను" అన్నా అర్థమవుతుంది. "ఆయాసంగా ఉంది" అంటే మాత్రం నేను ఇంకో ప్రశ్న వేయాల్సిందే. కొత్తలో ఈ తేడా పట్టించుకోకుండా రాసిన కాగితాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను. మొదట ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తూ, "ఊపిరి ఆడటం ఎంత కష్టంగా ఉంది?" తర్వాత తొడ మీద చెయ్యి పెట్టి, "కాళ్ళు ఎంత లాగేస్తున్నాయి?" ఆపైన మూడోది: "మిమ్మల్ని ఆపింది ఊపిరా, కాళ్ళా?" కాళ్ళే ఆపాయంటే ఇన్హేలర్ ఎంత పెంచినా లాభం కొంతే. ఆ మనిషికి కావలసింది తొడలకు కసరత్తు, తిండిలో పప్పు, గుడ్డు. ఒక్క మాట తేడాతో వైద్యమే వేరే దారి పడుతుంది.

మొహమాటపడి తక్కువ అంకె చెప్పకండి. "పర్లేదు లెండి, రెండు వేసుకోండి" అంటూ చెమటతో తడిసి, మాట పూర్తిచేయలేక కూర్చున్నవాళ్ళున్నారు. డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న సంకోచం అక్కర్లేదు.

ఒకేరోజు రెండుసార్లు నడిపించారు. మొదటిది తప్పుపోయిందా?

లేదు. మొదటిసారి ఎంత వేగంగా మొదలుపెట్టాలో, మలుపు ఎలా తిరగాలో ఎవరికీ తెలియదు. రెండోసారి సగటున 26 మీటర్ల దాకా ఎక్కువ వస్తుంది. అందుకే అరగంట విశ్రాంతి ఇచ్చి మళ్ళీ నడిపించి, రెండింట్లో ఎక్కువ దూరాన్ని రాస్తాం. ఒక్కసారే నడిపించి, మందు వేశాక మళ్ళీ ఒక్కసారి నడిపిస్తే, అలవాటు వల్ల వచ్చిన మెరుగును మందు ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.

ఎన్ని మీటర్లు వస్తే మంచిది?

వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. 1998లో అమెరికాలో ఎన్‌రైట్, షెరిల్ ఇచ్చిన సూత్రం ప్రకారం 60 ఏళ్ళు, 165 సెంటీమీటర్లు, 60 కిలోలు ఉన్న ఆరోగ్యవంతుడైన మగమనిషి దాదాపు 533 మీటర్లు నడవాలి. దానికి 153 మీటర్ల కింది దాకా, అంటే 380 వరకూ, మామూలుగానే లెక్కిస్తారు. కానీ అది అమెరికా మనుషుల్ని నడిపించి కట్టిన లెక్క. మనవాళ్ళకి అలాగే అన్వయిస్తే ఆరోగ్యవంతుల్నీ రోగులంటుంది. మనదేశంలో కూడా ఆరోగ్యవంతుల్ని నడిపించి సొంత సూత్రాలు తయారుచేశారు. రిపోర్టులో శాతం రాసి ఉంటే ఏ సూత్రంతో లెక్కగట్టారో అడగడం మీ హక్కు.

సీఓపీడీలో 350 మీటర్లు ఒక గుర్తు. దానికన్నా తక్కువ నడిచేవాళ్ళలో ఆసుపత్రి పాలవడం, ప్రాణాపాయం ఎక్కువగా కనిపించాయి. 2004లో సెల్లీ బృందం తయారుచేసిన బోడ్ సూచిక కూడా ఇదే అంకె దగ్గర మొదలవుతుంది. 350, ఆపైన నడిస్తే మార్కు సున్నా, 250 నుంచి 349 దాకా ఒకటి, 150 నుంచి 249 దాకా రెండు, అంతకన్నా తక్కువైతే మూడు. వీటికి బరువు, ఊదే పరీక్ష, ఆయాసం మార్కులు కలిపి పదికి లెక్కేస్తారు. ఊదే పరీక్ష ఒక్కదాని కన్నా ఈ నాలుగూ కలిపి చూస్తేనే రోగి భవిష్యత్తు బాగా అంచనాకొచ్చింది.

అయినా నేను ఎక్కువగా పట్టించుకునేది మీ పాత అంకెనే. పోయినసారికీ ఇప్పటికీ 30 మీటర్ల పైన తేడా ఉంటే అది నిజమైన తేడా. 10, 15 మీటర్ల కోసం సంబరమూ వద్దు, బెంగా వద్దు.

ఒక ఆసుపత్రిలో 380 వచ్చింది, నెల తిరక్కుండా ఇంకోచోట 310. జబ్బు ముదిరిందా?

ముందు వరండా పొడవెంతో అడగండి. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట స్థలం లేక 12 మీటర్ల వరండాలో నడిపించేవాళ్ళం. పొట్టి వరండాలో ఎక్కువసార్లు ఆగి తిరగాలి, ప్రతి మలుపులో వేగం పోతుంది, దూరం తగ్గుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్న ఒకావిడ వేరేచోట 30 మీటర్ల వరండాలో నడిచిన కాగితంతో మా దగ్గరికొచ్చింది. మా అంకె బాగా తక్కువ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ కుంగిపోయారు, మందు మార్చాలన్న చర్చ కూడా మొదలైంది. తర్వాత ఎవరో వరండా పొడవు అడిగారు. ఆ మాట అప్పటిదాకా మా కాగితం మీద ఎక్కడా రాసి లేదు. ఆ రోజు నుంచి నేను దూరం పక్కన వరండా పొడవు, వెంట ఆక్సిజన్ ఉందా, ఉంటే ఎన్ని లీటర్లు, సిలిండర్ ఎవరు మోశారు, చేతికర్ర వాడారా, ఇన్హేలర్ ఎన్నింటికి పీల్చారు అన్నీ రాస్తున్నాను. ట్రెడ్‌మిల్ మీద నడిచిన దూరాన్ని కూడా దీనితో పోల్చకూడదు.

నడిస్తే ఆక్సిజన్ పడిపోయిందన్నారు. ఇంట్లో సిలిండర్ పెట్టించాలా?

తొందరపడకండి. కూర్చున్నప్పుడే ఆక్సిజన్ 88 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోవడం ప్రాణం నిలుపుతుందని 1980, 1981లలో వచ్చిన రెండు ముఖ్యమైన పరిశోధనలు సీఓపీడీ రోగుల్లో చూపించాయి. కూర్చున్నప్పుడు బాగుండి నడిచినప్పుడే పడిపోయేవాళ్ళ సంగతి వేరు. అమెరికాలో 738 మంది సీఓపీడీ రోగులతో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, విశ్రాంతిలో ఒక మోస్తరుగా తగ్గినవాళ్ళకూ, నడకలో తగ్గినవాళ్ళకూ ఇంటి ఆక్సిజన్ ఇచ్చినా ఆయుష్షులో గానీ ఆసుపత్రి చేరికల్లో గానీ తేడా రాలేదు.

అలాగని ఎవరికీ పనికిరాదని కాదు. ఒకసారి ఆక్సిజన్ లేకుండా, ఇంకోసారి ఆక్సిజన్‌తో నడిపించి చూడమనండి. దూరం బాగా పెరిగినా, ఊపిరి సుళువైనా ఆ మనిషికి అది ఉపయోగమే. ఐఎల్‌డీలో నడకలో ఆక్సిజన్ మరీ లోతుకి పడిపోతుంది, అక్కడ నిర్ణయం ఇంకా జాగ్రత్తగా తీసుకోవాలి. అప్పు చేసి ఇంట్లో ఆక్సిజన్ అందించే కాన్సంట్రేటర్ యంత్రం కొనే ముందు ఈ రెండు నడకల కాగితం చేతిలో ఉండాలి.

మీటర్ తప్పు చూపించదా?

చూపిస్తుంది. గోళ్ళరంగు, నల్లగా పండిన గోరింటాకు, చల్లబడిన వేళ్ళు, చెయ్యి ఊగడం అన్నీ అడ్డమే. ముదురు చర్మం ఉన్నవాళ్ళలో అసలుకన్నా కాస్త ఎక్కువ చూపించే లోపం కూడా ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో పరీక్షకొచ్చే ఆడవాళ్ళు ఒక్క వేలికైనా గోరింటాకు లేకుండా ఉంచుకుంటే నాకు మేలు.

ప్రమాదం ఏమీ లేదు కదా?

గత నెలలో గుండెపోటు వచ్చినా, గుండెనొప్పి అదుపులో లేకపోయినా చేయం. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, బీపీ 180/100 దాటినా డాక్టరుగారిని అడక్కుండా మొదలుపెట్టం. మధ్యలో ఛాతీ నొప్పి, భరించలేని ఆయాసం, కాళ్ళు తడబడటం, ముఖం పాలిపోయి చెమటలు పట్టడం, వీటిలో ఏది కనిపించినా ఆపేస్తాం. ఆక్సిజన్ 80 కన్నా కిందికి పోతే మేమే ఆపమంటాం. ఆరు నిమిషాలు పూర్తికాకముందే 85కి తేరుకుంటే మళ్ళీ నడవవచ్చు.

షటిల్ వాక్, కుర్చీ పరీక్ష, సైకిల్ పరీక్ష అంటున్నారు. అవేమిటి?

షటిల్ వాక్‌ను 1992లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో సాలీ సింగ్ బృందం రూపొందించింది. 10 మీటర్ల దారి, బీప్ శబ్దం. బీప్ మోగేలోపు అవతలి కోన్ చేరాలి. నిమిషం నిమిషానికీ బీప్‌లు దగ్గరవుతాయి, మొత్తం 12 స్థాయిలు. ఆరు నిమిషాల నడకలో వేగం మీ ఇష్టం, ఇందులో వేగం యంత్రానిది. అందుకే అసలు పరిమితి ఎక్కడుందో ఇది గట్టిగా తేలుస్తుంది. స్థలం తక్కువున్నచోట కూడా పనికొస్తుంది. మనదగ్గర ఇంకా ఎక్కువమంది వాడాలని నా కోరిక.

కుర్చీ పరీక్షకి వరండా కూడా అక్కర్లేదు. దాదాపు 46 సెంటీమీటర్ల ఎత్తున్న చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు కట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడతాం. రెండు పరీక్షల మధ్య మూడుసార్ల తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా తీసుకుంటాం. దీన్లో ఆక్సిజన్ ఆరు నిమిషాల నడకలో పడినంత పడకపోవచ్చు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

సైకిల్ పరీక్ష, అంటే సీపెట్, అన్నిటికన్నా లోతైనది. ముఖానికి మాస్కు, ఒంటికి ఈసీజీ తీగలు, నిమిషం నిమిషానికీ బరువెక్కే సైకిల్. సాధారణంగా 8 నుంచి 12 నిమిషాల్లో ముగుస్తుంది. ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకుందో, ఆపింది గుండెనా, ఊపిరితిత్తులా, కండరాలా అన్నది విడదీసి చెబుతుంది. ఎంత వెతికినా ఆయాసానికి కారణం దొరకనప్పుడు, ఊపిరితిత్తి ముక్క తీసే ఆపరేషన్‌కు ముందు దీని విలువ తెలుస్తుంది. కిలో బరువుకు నిమిషానికి 20 మిల్లీలీటర్ల పైన ఆక్సిజన్ వాడుకోగలిగితే ఆపరేషన్‌కు భయం తక్కువ, 10 కన్నా తక్కువైతే చాలా ఎక్కువ. పెద్ద ఆసుపత్రుల్లో తప్ప దొరకదు.

ఇంట్లో చేసుకోవచ్చా?

ఒకసారి ఆసుపత్రిలో చేయించుకుని, డాక్టరుగారు సరే అన్నాక కుర్చీ పరీక్ష చేసుకోవచ్చు, పక్కన మనిషి ఉండాలి. నెలకోసారి, ఒకే కుర్చీ, ఒకే వేళ. ఆరు నిమిషాల నడక మాత్రం ఇంటి దగ్గర మొదటిసారి ప్రయత్నించకండి.

ఈ అంకెతో తర్వాత ఏం చేస్తారు?

అంకె ఫైల్లో పడి ఉంటే ఎవరికీ లాభం లేదు. నాకు దాని అసలు ఉపయోగం కసరత్తు మోతాదు కట్టడం. ఒకావిడ 300 మీటర్లు నడిచిందనుకోండి. అంటే నిమిషానికి 50 మీటర్లు. మొదట్లో దానిలో 80 శాతం వేగంతో నడిపిస్తాం, అంటే నిమిషానికి 40. పది నిమిషాలకు 400 మీటర్లు. వాళ్ళ మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు 10 మీటర్లుంటే, పది నిమిషాల్లో 40 సార్లు. "రోజూ కాస్త నడవండి" అంటే ఎవరూ నడవరు. "మేడ మీద పది నిమిషాలు, నలభై సార్లు, ఒక్కో చివరా ఒక్కో చింతగింజ పక్కన పెట్టండి" అంటే నడుస్తారు. నేను చూశాను.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా నడక, తొడలకు చేతులకు బరువులు, ఊపిరి పద్ధతులు నేర్పడాన్ని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. అది అయ్యాక ఊదే పరీక్ష అంకె దాదాపు అక్కడే ఉంటుంది, నడిచే దూరం మాత్రం పెరుగుతుంది. "రిపోర్టు మారలేదు కదండీ" అని నిరుత్సాహపడేవాళ్ళకి నేను పాత నడక కాగితం, కొత్తది పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇన్హేలర్ రాసే చోట్లు బోలెడు, నడిపించి నేర్పే చోట్లు చాలా కొద్ది. ఇది మారాలి. రోగులు అడిగితే త్వరగా మారుతుంది.

పరీక్ష రోజు ఎలా రావాలి?

వదులైన బట్టలు. చీరైతే కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడకుండా కాస్త పైకి. జారే హవాయి చెప్పులు వద్దు, పట్టీ ఉన్నవి వేసుకోండి. తర్వాతిసారీ అవే వేసుకుని రండి. తేలిగ్గా టిఫిన్ తినండి. రోజూ వాడే మందులు, ఇన్హేలర్లు ఏవీ మానొద్దు, వేళ మాత్రం గుర్తుంచుకోండి. ముందు రెండు గంటలు బరువు పనులొద్దు. మూడో అంతస్తులో పరీక్షైతే లిఫ్ట్‌లోనే రండి.

అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్ళొచ్చా?

ఇది అడగనివాళ్ళు లేరు. అడిగేటప్పుడు గొంతు మారుతుంది కూడా, మొక్కు కదా.

అలిపిరి నుంచి 3,550 మెట్లు, దూరం దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి దారి ఇంకా నిటారుగా ఉంటుంది. "తక్కువ మెట్లు" అని అటు వెళితే ఊపిరి తక్కువున్నవాళ్ళకే ఎక్కువ కష్టం. ఆరు నిమిషాల నడక చదునైన నేల మీద చేసేది, మెట్ల గురించి నేరుగా చెప్పదు. కానీ 350 మీటర్లు నడవలేనివారిని, నడకలో ఆక్సిజన్ 88 కిందికి పోయేవారిని నేను మెట్లెక్కమనను. బస్సులో వెళ్ళండి, దర్శనం అదే దర్శనం. బాగా నడిచినవాళ్ళయితే ముందు ఇంటి దగ్గర రెండు అంతస్తులు ఎక్కి ఆక్సిజన్ చూసుకోమంటాను. కొండ మీద పది మెట్లకోసారి ఆగడం, ఇన్హేలర్ జేబులో ఉండటం, తోడు మనిషి ఉండటం తప్పనిసరి.

పోయిన కార్తీకానికి ముందు ఒకావిడ ఇదే ప్రశ్నతో వచ్చింది. అప్పుడు ఆవిడ నడక 290 మీటర్లు. వద్దన్నాను, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎనిమిది వారాలు చింతగింజలు లెక్కపెట్టుకుంటూ మేడ మీద నడిచి మళ్ళీ వచ్చింది, 345. "ఇంకో అయిదు మీటర్లేగా, రాసేయండి బాబూ" అంది. నేను 345 అనే రాశాను. ఆవిడ అలిపిరి దగ్గర మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి, బస్సెక్కి పైకి వెళ్ళొచ్చి, నాకు లడ్డూ తెచ్చింది. వచ్చే నెలలో మళ్ళీ నడుస్తుంది.